నాలుగో లైను

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో దిగేసరికి ఉదయం ఏడుంపావు. మార్చి నెల. భుజాన కిట్ బ్యాగు, చంకలో చుట్టిన పరుపు. ఒంటి మీద యూనిఫాం లేదు, వద్దని ఆర్డరు. నేను మిలిటరీలో, వైర్‌లెస్సులూ టెలిఫోన్లూ చూసే సిగ్నల్స్ విభాగంలో హవల్దారుని. రాజస్థాన్ ఇసుకలో రెండేళ్లు చేసి వచ్చాను. తెలుగు విని రాయగలిగిన సిగ్నల్స్ మనిషి కావాలని ఏదో ఆఫీసు అడిగిందట. ఆ ఆఫీసు పేరు అప్పుడు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

సరూర్‌నగర్ వైపు పోయే దారిలో కొత్త కాలనీ. సగం ఇళ్లు, సగం కంకర కుప్పలు. రోజంతా లారీలు, రోజంతా దుమ్ము. మాది ఒక మేడ మీది గది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. కిటికీలకు లోపలి నుంచి మేకులు కొట్టి నల్ల కాగితం అంటించారు. ఒక ఫ్యాను, ఒక కుండ, రెండు టేప్ రికార్డర్లు, ఆరు లైన్లు. రోడ్డు పక్క టెలిఫోన్ పెట్టె నుంచి ఆ తీగలు ఎవరికీ తెలియకుండా మా గదిలోకి వచ్చాయి.

మేం ముగ్గురం. పై అధికారిని సార్ అనేవాళ్లం. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు, మాతో హిందీలో మాట్లాడేవాడు. రెండోవాడు చంపాపేట టెలిఫోన్ లైన్‌మన్. మూడో మనిషిని నేను.

సార్ మొదటి రోజే ఆర్డర్లు చెప్పాడు. డ్యూటీ ఉదయం ఎనిమిది నుంచి నాలుగు. కాలనీలో ఎవరితోనూ స్నేహం వద్దు. ఉత్తరాల్లో ఊరి పేరు వద్దు. విన్నది విన్నట్టు రాయాలి, సొంత అభిప్రాయం రాయకూడదు. లైను ఎవరి మీద ఉందో ఆ మనిషి మాటలే రాయాలి. ఆ ఫోనులో వేరేవాళ్లు మాట్లాడితే టేపు ఆపి, పెన్ను కింద పెట్టాలి. వాళ్ల మాటలు మనకు అనవసరం అన్నాడు. అది మంచి నియమమే అనుకున్నాను.

నాలుగో లైను ఎల్.బి. నగర్‌లో ఒక ఇంటిది. నర్సింహ అనే ఆయన కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పోలీసులు పట్టుకుపోయి కోర్టుకు చూపించని మనుషుల గురించి పత్రికలకు ఉత్తరాలు రాసేవాడు. భార్య అనసూయ. ఆ వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. పురుళ్లు, పెళ్లిచూపులు, చావులు, అన్నీ ఆ తీగ మీదే వచ్చేవి. నేను టేపు ఆపేవాణ్ణి. చెవులు ఆపడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. నెల తిరిగేసరికి ఎవరికి ఏ జబ్బో నాకు తెలుసు. నన్ను మాత్రం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

మూడో లైను గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో దాని మీద విన్న ఒక మాట వల్ల బస్టాండులో పెట్టబోయిన పేలుడు సామాను దొరికింది. ఆ రోజు సార్ మా ఇద్దరితో చేయి కలిపాడు. ఇన్నేళ్ల తర్వాత, రిటైరయ్యాక, ఇప్పుడు వనస్థలిపురంలో సాయంత్రాలు కలిసే మిత్రులు నన్ను అడుగుతుంటారు. ఇంటర్నెట్‌లో మనం రాసేదంతా సర్కారు చూస్తుందట కదా, మిలిటరీ మనిషివి, నువ్వేమంటావని. చూడొద్దని నేను అనలేను. మూడో లైను విన్నవాణ్ణి. కానీ నాలుగో లైనూ విన్నాను.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం నర్సింహ ఎవరికో ఫోను చేశాడు. నేను రాసింది ఇదీ: "పైపులు పన్నెండు. తెల్లారి అయిదింటికి దిగుతయి. ఎవ్వలకు చెప్పకు. పని అయినంకనే తెల్వాలె."

అవి బోరు పైపులు. నాకు తెలుసు. ముందురోజే పక్కింటి టీచరమ్మ అదే ఫోనులో బెజవాడలోని అన్నయ్యకు చెప్పుకుంది. కాలనీకి బోరు వేయిస్తున్నాం, పక్క వీధివాళ్లు మా నీళ్లు లాగేస్తారని గొడవ పెడుతున్నారు, అందుకే గుట్టుగా కానిచ్చేస్తున్నాం అని. అది ఆమె మాట. టేపు ఆపాను. కాగితం మీద లేదు.

నా కాగితం ఇంగ్లిషులోకి మారి పైకి వెళ్లింది. అక్కడెవరో పైపులంటే పైపు బాంబులు అనుకున్నారు. సాయంత్రం మూడున్నరకు సార్ ఆ మాట చెప్పగానే నేను లేచి నిలబడ్డాను. బోరు సంగతి మొత్తం చెప్పాను. సార్ ఓపిగ్గా విన్నాడు.

"టేపు ఉందా?"

"లేదు సార్. మీ ఆర్డరు ప్రకారం ఆపేశాను."

"రాసింది ఉందా?"

"లేదు సార్."

"అయితే అది నీ అభిప్రాయం."

మా దగ్గరున్న నకలు మార్జిన్‌లో బోరు పైపులు అని రాశాను. ఆయన నా ముందే కొట్టేశాడు.

మర్నాడు తెల్లారి పైపుల లారీ దగ్గరే నర్సింహను పట్టుకున్నారు. పైపులు చూశాక కూడా వదల్లేదు. అప్పటికే ఫైలు తెరిచారు, దాన్ని మూయడానికి ఎవరి సంతకం కావాలో తేలలేదు. ఆయన్ను ఎక్కడ ఉంచారో సార్ ఫోనులో చెబుతుంటే విన్నాను. ఊరి బయట ఒక గెస్ట్ హౌస్.

అనసూయకు అది తెలియదు. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టేది. ఒక్కో పోలీస్ స్టేషను, ఒక్కో దవాఖాన. మా ఆయన ఉన్నడా అని, పేరు, ఎత్తు, చొక్కా రంగు. ఎక్కడా లేడనేవాళ్లు. ఆ మాటలు ఆమెవి కాబట్టి నేను రాయక్కర్లేదు. పెన్ను కింద పెట్టి వినేవాణ్ణి. అయిదో రోజు నుంచి ఆస్పత్రి మార్చురీలకు చేయడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని తినలేక కూర్చున్నాను. లైన్‌మన్ నా వైపు చూసి మెల్లగా అన్నాడు: "మనం ఇనెతందుకే ఉన్నం అన్నా. చెప్పెతందుకు గాదు."

తొమ్మిదో రోజు, పదకొండూ ఇరవై. ఆమె ఫోను ఎత్తింది. నంబరు తిప్పలేదు. ఖాళీ ఫోనులోకే అంది: "ఎవలన్న ఇంటున్నరా? ఇంటున్నరని మా ఆయన అంటుండె. ఇంటుంటే ఒక్కటే చెప్పుండ్రి. ఉన్నడా, లేడా?"

మా దగ్గర లైన్‌మన్ల టెస్ట్ ఫోను ఉండేది. మీట నొక్కితే మన మాట అవతలికి పోతుంది. అది బల్ల మీద, నా కుడి చేతికి దగ్గర్లో ఉంది. లైన్‌మన్ నన్ను చూశాడు. చూసి గోడవైపు తిరిగాడు.

మీట నొక్కాను.

"ఉన్నాడమ్మా. ప్రాణానికేం లేదు."

ఆమె ఫోను పెట్టేసింది.

ఆమె గొంతు వినగానే ఆపాల్సిన టేపు ఆపలేదు, తిరుగుతూనే ఉంది. నా గొంతు దాని మీద పడింది. చెరిపేస్తానని లైన్‌మన్ అన్నాడు. వద్దన్నాను. వాడికి పిల్లలున్నారు.

సార్ సాయంత్రం టేపు విన్నాడు, అందులో మాటలు నేనే హిందీలో చెప్పాను. తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఆమె ఇప్పుడు ఏడవడం ఆపి ఉంటుంది, కానీ ఇక ఆ వీధిలో ఎవరూ ఫోను ముట్టుకోరు అన్నాడు. నా బదులు మనిషి వచ్చేదాకా నాలుగో లైను మీదే కూర్చోమన్నాడు.

మరో నాలుగు రోజులకు నర్సింహను వదిలేశారు. ఆ సంగతి సార్ చెబితే తెలిసింది. లైను మీద తెలియలేదు. ఆ లైను మీద ఇక ఏమీ రాలేదు. బయటి నుంచి మోగితే మోగి ఆగిపోయేది. ఎవరూ ఎత్తేవారు కాదు. పురుళ్లు లేవు, పెళ్లిచూపులు లేవు. ఇరవై రెండు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, మేకులు కొట్టిన కిటికీ ఎదురుగా కూర్చున్నాను. కాగితం మీద తేదీ వేసి, ఏమీ లేదు అని రాసేవాణ్ణి.

జూన్ రెండో వారంలో నా బదులు మనిషి వచ్చాడు. రైలు సాయంత్రం నాలుగింటికి. నా ప్రమోషను ఆగిందని కాగితం ఉదయమే చేతికిచ్చారు. ఇంకా ఆరు గంటలుంది. వెళ్లకూడదని తెలిసీ ఎల్.బి. నగర్ బస్సెక్కాను.

ఇల్లు ఫైలులోని నంబరుతో దొరికింది. గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చింది. నేననుకున్నదాని కంటే చిన్న మనిషి. ఏం కావాలని కళ్లతో అడిగింది. నోరు తెరిస్తే నా గొంతు గుర్తుపడుతుంది. బొటనవేలు నోటి దగ్గర పెట్టి నీళ్లని చూపించాను. లోపలికి వెళ్లి చెంబుతో తెచ్చింది.

తాగుతూ తెరిచిన తలుపులోంచి చూశాను. ముందుగదిలో నర్సింహ కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద ఫోను. ఉక్కపోతకు నా చొక్కా వీపుకంటుకుపోయిన ఆ పగటి పూట, ఫోనుకు ఉన్ని రగ్గు చుట్టి, పైన పురికొస కట్టారు. ఎవరని ఆయన చేత్తో అడిగాడు. ఎవరో దాహానికి వచ్చారని ఆమె చేత్తోనే చెప్పింది. ఆయన తలాడించాడు. మాటలు చక్కగా వచ్చిన భార్యాభర్తలు, నట్టింట్లో, రగ్గు కప్పిన ఆ ఫోను పక్కన, చేతులతో మాట్లాడుకుంటున్నారు.