గిన్నె చల్లారేదాకా

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మిర్యాలగూడ నుంచి ఆమె కూతురు రాసిన కార్డు, మొన్న నేను కోదాడలో పనిచేసే కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు సందులో ఉంది. చదివి, చేతిసంచి కూడా దించకుండా వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను.

అప్పట్లో సూర్యాపేటలో వాళ్లది వడ్ల దుకాణం. దాని గోడకు ఆనుకొని మా కిరాయి ఇల్లు. పై చదువుకు ఇంగ్లండు వెళ్తున్నానని తెలిసి వాడకట్టంతా పచ్చళ్లు, పొడులు తెచ్చింది. పెద్దమ్మ మాత్రం ఉత్త చేతులతో వచ్చింది.

"నేనేం కట్టియ్య బిడ్డా. కట్టిచ్చింది నెలకు ఖతమైతది, ఇగ ఏడ్సుకుంట కూసుంటవ్. పొద్దుగాల రా, తపాలచెక్క నేర్సుకొని పో."

"మాడగొడత పెద్దమ్మా."

"మాడినయి మేం తింటం తియ్యి. ఫస్టుక్లాసు తెచ్చుకున్నవ్, పిండి పిసుకుడు రాదా?"

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం కలిపి, గిన్నె లోపల పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, నూనె వేసి కాల్చాలి. మొదటిది బాగానే వచ్చింది. రెండోది వేడి గిన్నెలోనే ఒత్తబోయాను. పిండి జారింది, వేళ్లు కాలాయి.

"జర ఆగరాదు? గిన్నె సల్లారాలె. నీకన్నిటికి ఉరుకులాటనే," అంటూ గిన్నె అడుగును గోలెం నీళ్లలో ముంచింది.

లీడ్స్‌లో ఆరు వారాలకే పచ్చళ్లు అయిపోయాయి. రొట్టె, ఉడికించిన ఆలుగడ్డ నోట్లోకి పోయేవి కావు. చదువూ తలకెక్కలేదు. వచ్చేస్తున్నానని ఇంటికి ఉత్తరం రాసి, పోస్టు చేయడానికి బయలుదేరాను. దారిలో ఒక దుకాణం కిటికీలో బియ్యప్పిండి పొట్లం కనిపించింది. వాళ్లు దాంతో పాయసంలాంటిది చేసుకుంటారట. శనగపప్పుకు బదులు వాళ్లు సూపులో వేసే బఠాణీ పప్పు కొన్నాను. నువ్వులు దొరకలేదు.

ఒకటి కాల్చాను. రెండోదానికి మళ్లీ తొందరపడ్డాను, మళ్లీ జారింది. అప్పుడు కిటికీ తెరిచి, గిన్నెను అంచు మీది మంచులో పెట్టి నిలబడ్డాను. ఆ రోజు నాలుగు తిన్నాను. ఉత్తరం పోస్టు చేయలేదు. చదువు పూర్తి చేసే వచ్చాను.

ఇదంతా చెబితే పెద్దమ్మ నవ్వింది. కానీ ఆమెకు చేసిపెట్టడానికి ఏళ్ల తరబడి నాకు ధైర్యం చాలలేదు. అక్కడ నేను తిన్నది నిజంగా ఆమె చెక్కేనా, లేక ఆకలికి అలా అనిపించిందా? పోయిన ఎండాకాలం, కూతురి దగ్గర ఉంటున్న ఆమెను చూడటానికి మిర్యాలగూడ వెళ్తే, "ఇయ్యాల నువ్వే చెయ్యి," అన్నది.

చేశాను. ముక్క తుంచి, ఒక పక్కనే చాలాసేపు నమిలింది.

"ఉప్పెక్కువైందా పెద్దమ్మా?"

పెద్దమ్మ కొంగుతో వేడి గిన్నె పట్టుకొని వెళ్లి గోలెం పక్కన కూర్చుంది.

"ఇంకోటి చెయ్యి. గిన్నె నేను సల్లారవెడ్త."

అడుగు నీళ్లకు తగలగానే సుయ్‌మంది. ఆవిరిలో ముఖం సగమే కనిపిస్తోంది. రెండు చేతులా అంచు పట్టుకొని గిన్నెను నీళ్లలో మెల్లగా తిప్పుతూ, నా చేతిలోని పిండి ముద్దను చూస్తూ ఉంది.