పద్నాలుగు ఇళ్లకు ఒకే నంబరు

ఒక్క బటన్ నొక్కి సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో పదమూడు ఇళ్లను నలభై ఒక్క డిగ్రీల ఎండలో ఉడకబెట్టిన ఘనత నాది. ఎలా సాధించానో చెబుతాను. నవ్వుకోవాలనిపిస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పటికి నేను సిడ్నీలో దిగి ఆరు నెలలు. దిగిన వారానికే పారమట్టాలో ఏసీలు, గీజర్లు బాగుచేసే ఒక కంపెనీలో చేరాను. ఏ టెక్నీషియన్ ఏ రోజు ఏ ఇంటికి వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం నా పని. ప్రొబేషన్ ఆ వారం శుక్రవారంతో ముగుస్తుంది. పర్మనెంట్ చేస్తే సరే సరి. లేదంటే ఉద్యోగంతోపాటు వీసా కూడా పోతుంది, ఎందుకంటే వీసా ఆ కంపెనీ ఇప్పించిందే. మా ఆయన సోఫా కూడా కొననివ్వలేదు. "లెటర్ రానీ, అప్పుడు చూద్దాం" అని ఆరు నెలలు నన్ను నేలమీదే కూర్చోబెట్టాడు.

మా మేనేజర్ షారన్‌కు మాట తక్కువ. ఆవిడ గుడ్ మార్నింగ్ అన్నా నాకు అందులో "ఇక బయల్దేరు" అన్నట్టే వినపడేది. ఆ సోమవారం నన్ను పిలిచి, "ఒకే ఇంటికి ఒకే రోజు మూడు వ్యాన్లు పోతున్నాయి, ఒకటి ఏసీకి, ఒకటి గీజర్‌కి, ఒకటి ఫిల్టర్‌కి. ఒక కస్టమర్ పనులన్నీ కలిపి ఒకే విజిట్‌గా చేయగలవా?" అని అడిగింది.

"బుధవారానికి చేసేస్తాను," అన్నాను. అది రెండు వారాల పని. భయంలో ఉన్న మనిషి నోటికి క్యాలెండర్ తెలియదు కదా.

ఇప్పుడు రెండు బుకింగులూ ఒకే కస్టమర్‌వని సాఫ్ట్‌వేర్‌కు ఎలా తెలియాలి? పేరు చూద్దామంటే మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది. అడ్రస్ చూద్దామంటే ఒక్కొక్కరు ఒక్కోలా టైపు చేస్తారు. చివరికి నాకు మొబైల్ నంబరు తట్టింది. ఒక మనిషికి ఒక నంబరు. నంబరు కలిస్తే కస్టమర్ ఒకరే, పనులన్నీ కలిపెయ్. బుధవారం సాయంత్రం ఆ రూల్ పెట్టేసి, ట్రైన్‌లో ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

అంత తెలివిలోనూ ఒక మనిషిని మర్చిపోయాను. ప్రసాదరావు అంకుల్‌ను.

అంకుల్‌ది తెనాలి. కెల్లీవిల్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్న రిటైర్డ్ ఇంజనీరు. కొత్తగా దిగిన తెలుగువాళ్లు ఇక్కడి సిమ్ వచ్చేదాకా ఇంటి ఫారంలో, బ్యాంకు ఫారంలో, స్కూలు ఫారంలో ఆయన నంబరే రాస్తారు. సిమ్ వచ్చాక మార్చాలని ఎవరికీ గుర్తుండదు. పైగా ఏసీ పాడైతే ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడటానికి బెరుకు, "మీరే చెప్పేయండి అంకుల్" అంటారు. ఆయన సంతోషంగా చెప్పి బుక్ చేస్తారు. దిగిన కొత్తలో నేనూ ఎన్ని కాగితాలమీద ఆయన నంబరు రాశానో నాకే గుర్తులేదు.

గురువారం పొద్దున్న నా రూల్ కళ్లు తెరిచి చూసింది. ఒకే నంబరు, పద్నాలుగు పనులు. అంటే ఒకే పెద్ద కస్టమర్. జాబితాలో మొదటి అడ్రస్ అంకుల్‌ది కాబట్టి విజిట్ అక్కడికే. ఒక్క మనిషివల్ల కాదని నలుగురు టెక్నీషియన్లను కూడా కేటాయించింది. తొమ్మిదింటికి నా సెల్ మోగింది.

"అమ్మాయ్ మాధవీ, మీ కంపెనీ వ్యాన్లు నాలుగొచ్చినయ్యమ్మా మా ఇంటికి. నేను ఫిల్టర్ క్లీన్ చెయ్యమన్నా, అంతే."

"నాలుగా అంకుల్?"

"నాలుగే. పక్కింటాయన వచ్చి, ఎవరన్నా పోయారా అని అడిగి వెళ్లాడు. నా ఫోన్లో మెసేజ్‌లు కూడా పద్నాలుగు పడ్డయ్. ఇంకొకటుందమ్మా, అది నీకు..."

"అంకుల్, ప్లీజ్, మళ్లీ చేస్తా," అని పెట్టేశాను.

స్క్రీన్ చూస్తే పద్నాలుగు పనులూ అంకుల్ ఇంటి పేరనే ఉన్నాయి. షారన్ మూడు కుర్చీల అవతల కూర్చుని ఉంది. ఆవిడ చూసేలోపు సరిచేద్దామని ఆ పద్నాలుగు పనులనూ ఒక్కసారే విడగొట్టాను. "పాత అపాయింట్‌మెంట్లు రద్దయినట్టు కస్టమర్లకు చెప్పమంటారా?" అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది. నేనూ మర్యాదగా ఎస్ నొక్కాను. పద్నాలుగు రద్దు మెసేజ్‌లు, పద్నాలుగూ అంకుల్‌కే. ఆయనేమో బాధ్యత గల మనిషి, ఇల్లిల్లూ ఫోన్ చేసి మరీ చెప్పారు. ఇంగ్లీషు బెరుకును ఎండ కరిగించేసింది, పది నిమిషాల్లో మా ఆఫీసులో మోగని ఫోన్ లేదు.

"కెల్లీవిల్‌లో ఏమైంది?" అని షారన్ అడిగింది.

"ఎండ," అన్నాను.

"ఎండ పారమట్టాలోనూ ఉంది," అని ఆవిడ నన్ను రెండు క్షణాలు ఎక్కువ చూసింది. నేను మనసులో పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఇంతలో బ్రెట్ అనే టెక్నీషియన్ ఫోను. "ఇక్కడొక ఆంటీ మమ్మల్ని కూర్చోబెట్టి పసుపు రంగు అన్నం పెట్టారు. చాలా బాగుంది. కానీ మిగతా ఏసీలు ఎక్కడ?" ఏం చెప్పను? పులిహోర తింటూ ఉండండి, నా ఉద్యోగం ఊడగానే చెబుతాను అననా?

మళ్లీ అంకుల్. "కంగారుపడకమ్మా. ఎవరిల్లు ఎక్కడో నాకు తెలుసుగా. శ్రావణి ఇంట్లో నెల పిల్ల ఉంది, ముందు అక్కడికి పంపిస్తన్నా. తర్వాత మూర్తి గారింటికి, వాళ్లమ్మగారికి ఆయాసం. మిగతా కుర్రకారు ఆగుతారు."

"మీరెలా పంపిస్తారు అంకుల్, సిస్టమ్‌లో లేకుండా?"

"నోటితో. ఇంకొకటమ్మా, పొద్దున నీ గురించి..."

"షారన్ వస్తోంది అంకుల్," అని మళ్లీ పెట్టేశాను.

నిజం చెప్పాలంటే అప్పుడు సిగ్గేసింది. నెల పిల్ల ఉన్న ఇల్లు ముందు చూడాలని నా రూల్‌కు తెలియదు. అడగాలని నాకూ తోచలేదు. అప్పటిదాకా నేను భయపడింది నా వీసా గురించే.

మూడింటికల్లా అన్ని ఇళ్లూ చల్లబడ్డాయి. అప్పుడు షారన్ నన్ను గదిలోకి పిలిచింది. నేను కూర్చోకుండానే, ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా ఒప్పేసుకున్నాను. ఆవిడ అంతా విని తన ఫోన్ నా వైపు తిప్పింది. ఫోటోలో నలుగురు టెక్నీషియన్లు స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తాగుతున్నారు. మధ్యలో అంకుల్, చేతిలో డైరీతో.

"బ్రెట్ పదింటికే పంపాడు," అంది.

"నన్ను తీసేస్తారా?"

"ఎలా తీస్తాను? పొద్దున ఎనిమిదిన్నరకే నిన్ను పర్మనెంట్ చేశాను. మెసేజ్ కూడా పెట్టాను. నువ్వు జవాబివ్వకపోతే నీకే ఇష్టం లేదేమో అనుకున్నాను."

"నాకేం రాలేదే," అన్నాను.

ఆవిడ నా ఫైలు తెరిచి అందులో ఉన్న నంబరు చదివింది. సగం చదవగానే మిగతా సగం నేనే చెప్పాను. పొద్దున్నుంచి పద్నాలుగుసార్లు చూసిన నంబరు మరి.

బయటికొచ్చి అంకుల్‌కు ఫోన్ చేశాను.

"పొద్దున్నుంచీ అదేగా చెప్పబోతన్నా, నువ్వు విననిస్తేగా," అన్నారు. "మీ ఆంటీ అప్పుడే పాయసం కూడా చేసింది. ఆ నలుగురూ తలా రెండు కప్పులు తాగారు. పదమూడిళ్ల వాళ్లూ నీకు కంగ్రాట్స్ చెప్పమన్నారు."

అంటే నేను ఉడకబెట్టిన వాళ్లందరూ పొద్దున్నుంచీ నాకు శుభాకాంక్షలు చెబుతూనే ఉడికారు. కెల్లీవిల్ మొత్తానికి తెలిసిన నా ఉద్యోగం సంగతి మూడింటిదాకా తెలియనిది నాకొక్కదానికే. సాయంత్రం మా ఆయనతో కలిసి అంకుల్ ఇంటికి వెళ్తే పాయసం గిన్నె కడిగి బోర్లించి ఉంది.

ఆ గిన్నె మీద చెయ్యి వేసి, ఆంటీ సాక్షిగా, మా ఆయన సోఫా ధరలు చూస్తుండగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ ఫారంలోనూ ఇంకొకరి నంబరు రాయను. నెల పిల్ల సంగతి అడగకుండా ఏ రూలూ పెట్టను. అన్నిటికన్నా ముఖ్యంగా, పెద్దవాళ్లు ఫోన్లో "ఇంకొకటుందమ్మా" అంటే, ఆ ఇంకొకటేమిటో వినకుండా ఫోన్ పెట్టను గాక పెట్టను.