పేరుకు సరిపడా జాగ

మొన్న పొద్దున చామోర్షిలో ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోను మోగింది. నాతోపాటు చదువుకున్నవాడు. "ఆపా పోయింది రా. గుండె ఆగిందట. నిన్ననే మట్టి ఇచ్చిండ్రు" అన్నాడు. నిన్న ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. నాకు ఎవరైనా ఎందుకు చెప్పాలి?

సిరోంచలో ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న మా అందరికీ ఆమె ఆపానే, అంటే అక్క. టైలరు దుకాణం పైన ఒకే గది, నాలుగు పాత కంప్యూటర్లు. మీలో ఎవరైనా ఆ గదిలో కూర్చుని ఉంటే, వెనకనుంచి వచ్చి కుర్చీ వీపు మీద రెండు వేళ్లతో కొట్టే ఆమె అలవాటు గుర్తుండే ఉంటుంది. తప్పు కనిపించిందని దానర్థం.

ప్రోగ్రాంలు రాసే సి భాషలో, మాటలు పేర్చడానికి ముందే ఇంత జాగ కావాలని చెప్పాలి. మేమంతా గుడ్డిగా ముప్పై రెండు గడులు అని వేసేవాళ్లం. కుర్చీ మీద రెండు దెబ్బలు పడేవి.

"ఎవల్ని అడిగి ముప్పై రెండు ఏసినవ్ తమ్మీ? వచ్చే పేరు ఎంత పొడుగుంటదో నీకు ముందే చెప్పి వస్తదా?"

అప్పుడు ఏఎస్‌ప్రింట్‌ఎఫ్ అనే ఆదేశం నేర్పింది. అది మాటలను పేర్చి, ఎంత పొడుగైతే అంత జాగ తానే అడిగి తెచ్చి, అందులో రాసి మన చేతికిస్తుంది. పని అయ్యాక 'ఫ్రీ' అని రాసి ఆ జాగను తిరిగివ్వడం మన వంతు. "గీ ఒక్క లైను మరువకుండ్రి. మిగిలినయ్ మర్చిపోయినా నడుస్తది" అనేది.

తర్వాత నేను అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. అడవి సరుకు ఏరుకొచ్చేవాళ్లకు మరాఠీలో పేరు చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం మాది. ఆ చీటీ ఉంటేనే వాళ్ల సరుకు కొంటారు. ఒకరోజు ఏదో పనిమీద ఆఫీసుకు వచ్చిన ఆపా, ఒక గోండు ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడి ఉండటం చూసింది. చీటీలో ఆమె పేరు సగంలో తెగిపోయింది. "ఆధార్ల ఒక పేరు, చీటీల ఒక పేరు. నడువ్ నడువ్" అంటున్నాడు గుమాస్తా. అడవి దారిన నడిచి ఆమె రావడం అది మూడోసారి.

ఆపా నన్ను పిలిపించింది. ప్రోగ్రాం తెరిపించి చూసింది. ముప్పై రెండు!

"మరాఠీ అక్షరం ఒక్కటి మూడు గడులు తింటది. నీ డబ్బాల పది పడితె ఎక్వ. పేరు పొడుగైతే ఆమె మనిషి కాదా?"

రెండు రోజులు కూర్చుని ఆ భాగమంతా తిరగరాసి నాకిచ్చింది. నేను తీసుకెళ్లి మేనేజరుకు చూపించాను. "నువ్వే రాసినవా?" అన్నాడు. "అవును సార్" అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ మాట మీదే చామోర్షికి పెద్ద ఉద్యోగంలో వచ్చాను.

మేనేజరుకు చూపించే ముందే, ఆమె రాతలా కనిపించకూడదని అక్కడక్కడా మార్చాను. ఆ మార్పులకు అడ్డొస్తోందని ఫ్రీ లైను తీసేశాను. ఒక్కో చీటీకి ఊరి జాబితా మొత్తం మళ్లీ పేర్చే ప్రోగ్రాం అది. తెచ్చిన జాగ తిరిగివ్వకపోవడంతో, సిరోంచ ఆఫీసులోని పాత యంత్రం మధ్యాహ్నానికి బిగుసుకుపోయేది. కిటికీ ముందు వరస కదిలేది కాదు. విషయం ఆపా దాకా వెళ్లింది. ఆఫీసులో ప్రోగ్రాం చూసి నాకు ఫోన్ చేసింది.

"నా రాత నేను గుర్తుపట్టనా తమ్మీ? నీ పేరే పెట్టుకో, నాకేం పరేషాన్ లేదు. ఫ్రీ ఎందుకు తీసినవ్?"

నేను కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాను.

"తీసుకున్నది తిరిగిచ్చుడు గంత కష్టమా?"

ఏ లైను తర్వాత దాన్ని పెట్టాలో చెప్పి ఫోన్ పెట్టేసింది. పెట్టి పంపాను. యంత్రం నడిచింది. కానీ ఆ ఆడమనిషికి పూర్తి పేరుతో చీటీ వచ్చేనాటికి ఆ ఏటి తునికాకు సీజను దాటిపోయింది. ఆపా గదికి నేను మళ్లీ వెళ్లలేదు. ఆమె పిలవలేదు.

నిన్న ఆపా ఇంటికి వెళ్లాను. వాళ్ల చెల్లెలు తలుపు తీసింది.

"మీరెవరు?"

పేరు చెప్పాను. "ఆపా దగ్గర నేర్చుకున్నా."

"మస్తుమంది నేర్చుకున్నరు. మీ పేరు ఎన్నడు చెప్పలే ఆపా. కూసోండ్రి, నీళ్లు తెస్త."

ఆమె లోపలికి వెళ్లింది. ఎదురుగా మంచం మీద మడతపెట్టిన దుపట్టా, దానిమీద తెరిచి ఉంచిన ఆపా కళ్లజోడు. ఒక కాడ విరిగితే నల్లదారంతో కట్టుకుంది. ఎడమ అద్దం మీద వేలిముద్ర ఒకటి, తుడవకుండా, అలాగే ఉంది.