మూడు చుక్కల పెద్దయ్య

పాత కాగితం దుమ్ము ముక్కుకు తగిలిందంటే నాకు తుమ్ములు ఆగవు. మొన్న ఆదివారం మర్ఖేల్ నుంచి ఒక పెద్దాయన నాందేడ్‌లోని మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల ఉర్దూ కాగితం తీసి విప్పాడు. వరుసగా నాలుగు తుమ్ములు. "దవాఖానల పనిజేస్తవు, నీకే సర్ది అయ్యిందా సిస్టరమ్మా?" అని నవ్వాడాయన. సర్ది కాదు, ఆ వాసన. బూజు, పిండి జిగురు, ఎప్పటిదో పొగాకు కలిసిన ఆ వాసన వస్తే చాలు, కుండల్‌వాడిలో ఒక వంటింటి గడప మీద కూర్చుని నన్ను తిడుతున్న ఆపా నా కళ్ల ముందుకు వచ్చేస్తుంది.

ఆపా అంటే అక్క. వరుసకు అలా అనేవాళ్లం కానీ ఆమె మా బాపు కంటే పెద్దది, ఉర్దూ బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. నేను ఆమె దగ్గరికి వెళ్లింది నర్సింగు సీటు వచ్చిన ఏడాది. మా ఇంట్లో ఆడపిల్ల చదువు కోసం నాందేడ్ దాకా వెళ్లడం అదే మొదలు. రిజర్వేషన్‌లో వచ్చిన సీటు కాబట్టి కులం వ్యాలిడిటీ పత్రం ఇవ్వాలి, ఆరు నెలల్లో ఇవ్వకపోతే సీటు పోతుంది. ఆ పత్రానికి మా తాత ఇక్కడివాడే అని చెప్పే నిజాం కాలపు కాగితం కావాలి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడే మమ్మల్ని "మీరు సరిహద్దుకు ఆ పక్కోళ్లు కదా" అనేయడం అందరికీ అలవాటే. మేం ముందు నుంచీ ఇక్కడే ఉన్నాం, సరిహద్దే మా తర్వాత వచ్చింది. కానీ ఆ మాట మేం అంటే చెల్లదు, కాగితం అనాలి.

బాపు ఊరి బడికి వెళ్లి పాత రిజిస్టరు తీయించి, ఆ పేజీ జిరాక్సు తెచ్చాడు. అంతా ఉర్దూ. తెలిసినవాళ్లెవరితోనో చదివించి మరాఠీలో రాయించుకు వచ్చాడు. తాత పేరు గంగారాం, ఆయన తండ్రి పేరు పోశెట్టి. రిజిస్టర్లో పోశెట్టి కొడుకు ఉన్నాడు కానీ వాడి పేరు గంగారాం కాదు, బద్యా.

"గీ బద్యా ఎవడే? మన ఖాందాన్ల గసొంటి పేరే లేదు," అని బాపు నెత్తి పట్టుకున్నాడు. "మా నాయిన బడికే పోలేదు కావచ్చు బిడ్డా. ఇడిసిపెట్టు."

విడిచిపెట్టడానికి నాకు మనసొప్పలేదు. నేను పుట్టకముందే పోయిన తాత, ఫొటో కూడా లేని తాత, ఇప్పుడు నా సీటు కూడా పట్టుకుపోతున్నాడని వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు జిరాక్సు కాగితాలు పట్టుకుని జీపెక్కి కుండల్‌వాడి వెళ్లాను. ఆపా గడప మీద కూర్చుని చాటలో మినుములు ఏరుతోంది. నేనిచ్చిన కాగితాలను చూడను కూడా చూడలేదు.

"నేను సదువ. నువ్వే నేర్సుకొని సదువుకో."

"టైం లేదు ఆపా. ఆరు నెలలే ఉన్నది."

"ఆరు నెలలా! మా బడిల పోరగాండ్లు మూడు నెలలకే సదివేటోళ్లు. నువ్వు బారా క్లాసు పాసైనవు గదా? కూసో."

ఏం మనిషిరా బాబూ, ఒక్క కాగితం చదివితే ఈమె సొమ్మేం పోతుంది అని లోపల తిట్టుకుంటూనే కూర్చున్నాను. పలకా లేదు, పుస్తకమూ లేదు. సుద్దతో బండ మీద పడవలాంటి ఒక గీత గీసి, దాని కింద ఒక మినపగింజ పెట్టింది. "గిది బే." మరో రెండు గింజలు చేర్చింది. "ఇప్పుడు పే. అచ్చరం అదే, సుక్కలు సూడు." వారానికి మూడు రోజులు ఆ బండ మీదే నా చదువు. తప్పు చదివితే "దిమాక్ ఎక్కడ పెట్టినవే గంగమణీ?" అని గల్లీ అంతా వినిపించేలా అరిచేది. ఆ గల్లీలో నా పేరు తెలియనివాళ్లు లేకుండా పోయారు.

ఒకరోజు నాకు ఒళ్లు మండి, ఆమె పెట్టిన మూడు గింజల్లో రెండు తీసి పక్కన దాచేశాను. చూసి కూడా ఆమె "పే" అనే అంది.

"ఒక్కటే ఉన్నది ఆపా."

ఆమె బండ మీద చేత్తో తడిమింది. "మోతీబిందు బేటీ," అంది. "రెండు కండ్లకు పొరలు కమ్మినయి. ఒక సుక్కో మూడు సుక్కలో తెలుస్తలేదు. నేను తప్పు సదివితే నీ సీటు పోదా? అచ్చరం నేనిస్త, సుక్క నువ్వు సూడు." సిగ్గుతో నా తల వాలిపోయింది. ఇన్నాళ్లూ పొగరనుకున్నది నా సీటు మీద ఆమెకున్న భయం. ఆ తర్వాత నేనెప్పుడూ పాఠానికి ఆలస్యంగా వెళ్లలేదు.

మూడో నెలలో బద్యా సంగతి మళ్లీ ఎత్తాను. ఆపా అడిగిన ప్రశ్న విని తెల్లబోయాను. "మీ ఇంట్ల ఎవల్ని పేరు పెట్టి పిల్వరు?"

"అదేం ప్రశ్న ఆపా?"

"నా సర్వీసుల ఎంత మంది తల్లులను సూసిన! కొడుకుకు మామ పేరు పెడ్తరు, మామ పేరు నోట పల్కరు. బళ్లె ఏసేటప్పుడు పేరు చెప్పుమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటరు. పో, మీ బాపమ్మను అడుగు."

బాపమ్మ, అంటే తాత భార్య, అప్పుడు రొట్టెలు కొడుతోంది. అడిగీ అడగ్గానే చెప్పేసింది. "మా అత్త మీ తాతను ఎన్నడు పేరు పెట్టి పిల్వలేదే. మామ పేరాయె! 'పెద్దయ్యా' అనే పిలుస్తుండె. బళ్లె ఏసింది గూడ ఆమెనేనట."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదే?"

"ఎవలన్న అడిగిండ్రా?"

బాపును వెంటబెట్టుకుని బడికి పరుగెత్తాను. అసలు రిజిస్టరు పేజీని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. అక్షరం కింద నల్లగా ఒక చుక్క. దాని పక్కనే సిరా వెలిసిపోయి, గోధుమరంగు మరకల్లా ఇంకో రెండు. జిరాక్సులో అవి పడనేలేదు. ఉర్దూలో పొట్టి అచ్చులు, ఒత్తులు రాయరు కాబట్టి, బే పే అయితే చాలు, బద్యా కాదు, పెద్దయ్య! నేను అరిచిన అరుపుకు పక్క తరగతి పిల్లలంతా లేచి నిలబడ్డారు.

అయితే పెద్దయ్యే గంగారాం అని ఎవరు నమ్ముతారు? ఆపాను అడిగితే, "జమీన్ కాగితాలు ఎతుకు. పట్వారీ రెండు పేర్లు రాస్తడు, పన్ను ఎగ్గొట్టకుండ," అంది. రికార్డు రూములో గుడ్డ మూటలు విప్పుతూ, తుమ్ముతూ పదకొండు రోజులు కూర్చున్నాను. పన్నెండో రోజు మా పొలం నంబరు దొరికింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను: గంగారాం ఉర్ఫ్ పెద్దయ్య వల్ద్ పోశెట్టి. పెద్దయ్య అనబడే గంగారాం, పోశెట్టి కొడుకు. ఆ ఒక్క 'ఉర్ఫ్' నా ఇన్ని నెలల కష్టం తీర్చేసింది. అక్కడే నేల మీద కూలబడి నవ్వుతూ ఏడ్చాను.

విచారణ రోజున బాపమ్మ కూడా వచ్చింది. అధికారి మర్యాదగానే మరాఠీలో ఆమె భర్త పేరు అడిగాడు. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మళ్లీ అడిగాడు. బాపుకు చెమటలు పట్టాయి. బాపమ్మ నా భుజం పట్టి ముందుకు తోసింది. "నా మనుమరాలు సదువుతది. దానికి సదువొచ్చు."

చదివాను. ఒక్క అక్షరం తప్పలేదు. పక్కనున్న ఉర్దూ తెలిసినాయన కాగితం అందుకుని, కళ్లద్దాలు సర్దుకుని, చుక్క చుక్కా సరిచూసి తలూపాడు. కొన్నాళ్లకు వ్యాలిడిటీ చేతికొచ్చింది, గడువుకు తొమ్మిది రోజుల ముందు.

దాన్ని పట్టుకుని నేరుగా ఆపా దగ్గరికే వెళ్లాను. పత్రం సంగతి తర్వాత, ముందు పొలం కాగితం చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. తర్వాత వీధిలోకి వచ్చి, "అరే సునో, మా పిల్ల సదివింది!" అని ఎలుగెత్తి చెప్పింది. మొదటి సంవత్సరంలోనే నాందేడ్‌లో ఆమె కళ్ల ఆపరేషన్ నేనే దగ్గరుండి చేయించాను. పట్టీ విప్పగానే నా ఉర్దూ నోటుబుక్కు అడిగింది. చూసి, "ఛీ, గిదేం రాతనే?" అంది. ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆపా పోయి కొన్నేళ్లయింది. సెలవు రోజున నా దగ్గరికి ఎవరో ఒకరు పాత కాగితంతో వస్తూనే ఉంటారు. నేను చదివి పెట్టను, ఇంట్లో చదువుకునే పిల్లను పంపమంటాను. "ఒక్క కాగితం సదువుమంటే బడి పెడ్తవేంది సిస్టరమ్మా?" అని విసుక్కుంటారు. నిజమే, ఆపా కళ్లు కనబడక నేర్పింది, నాకు నిక్షేపంగా కనబడుతున్నాయి. అయినా నేర్పుతాను. ఆ రోజు ఆ కాగితం ఇంకెవరో చదివి ఉంటే నాకు సీటు ఒక్కటే దక్కేది. నేనే చదివాను కాబట్టి తాత కూడా దక్కాడు.