ప్రాణమున్న సరుకు

ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్య ఒక్కటే, బేరం. ఒకే విద్య వచ్చినవాడు దాన్ని అన్నిచోట్లా వాడి చూస్తాడు. వరంగల్‌లో మాది చింతపండు, మిరపకాయల దుకాణం. "ధర జెప్పి ఎనక్కి మర్రి నడు, పిలిచేదాక మెడ తిప్పకు" అని మా బాపు నాకు అక్షరాలకంటే ముందే నేర్పాడు. అలాంటి నేను ఒక కాలేజీ ల్యాబులో సహాయకుడిగా చేరాను. అక్కడ రొయ్యల మీద పరిశోధన చేసే ఆవిడను అందరం అక్కా అనేవాళ్లం. "మన ఒంట్ల ఇన్సులిన్ లేదా తమ్మీ, దాని చుట్టం హార్మోనొకటి మగరొయ్యల ఉంటది. దాన్ని మగది చేసేదే అది. చిన్నప్పుడే ఆపితే ఆ రొయ్యనే ఆడదై గుడ్లు పెడ్తదేమో చూడాలె" అనేది. మా ఇంట్లో అందరికీ షుగరే కాబట్టి ఇన్సులిన్ అర్థమైంది. రొయ్య మాత్రం కాలేదు (మాకు గుడ్డు పేరెత్తినా స్నానమే).

నడి ఎండాకాలం. చెరువులు అడుగంటాయి, ఆ ఏటికి ఆఖరి పిల్లరొయ్యలు మార్కెట్‌కు వచ్చాయి, అక్క ప్రాజెక్టు గడువు ఆ నెలతో సరి. బకెట్ చేతికిచ్చి "పానంతోని తేవాలె. ఎంతంటే అంత ఇచ్చెయ్" అంది. (ఎంతంటే అంత! ఆ మాటకు మా వంశంలో ఎవరికైనా జ్వరమొస్తుంది.)

చేపలమ్మే అవ్వ ధర చెప్పింది. నేను సగమన్నాను. "జల్ది తీస్కపో బిడ్డా, నీళ్లు కాగుతున్నయ్, సస్తయి." అమ్మేవాళ్లు జల్దీ అనక ఏమంటారు? "గీ మాటలు మా దుకాన్ల నేను రోజూ చెప్తనవ్వా" అని వెనక్కి తిరిగాను. పిలవలేదు. సోడా తాగి మళ్లీ వెళ్లాను, మళ్లీ తిరిగాను. చివరికి పిలుపు రానే వచ్చింది. "రా బిడ్డా, నువ్వన్నదానికే తీస్కో." రొయ్యలు ఎంతో మర్యాదగా, కదలకుండా బకెట్లోకి వచ్చాయి.

అక్క వాటిని వేలితో కదిపి చూసింది.

"సగానికే తెచ్చినక్కా!"

"సచ్చినయి కాబట్టే సగానికిచ్చింది తమ్మీ."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఖాళీ గాజుతొట్టిలో గాలిబుడగలు లేస్తుంటే, మిషను తానే బంద్ చేసింది. వానలొచ్చి చెరువులు నిండేసరికి ఎక్కడో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఆ రొయ్యల్లో ఒక్కటైనా గుడ్లు పెట్టేదో లేదో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

మొన్న సుబేదారిలో బండి మీద మల్లెమొక్క చూసి ధరడిగి, చెప్పినంతా తీసిచ్చాను. ఆ బండాయనకే అనుమానమొచ్చింది. "ఏంది సార్, జర తగ్గియ్యమని అడుగుతలేరు?"

"అది తర్వాత చూద్దాం తమ్మీ, ముందు దాన్ని నీడకు జరుపు" అన్నాను.