అత్తాకోడళ్ళ ప్రార్థన

ఆర్మూర్‌లో మా ఇంట్లో బుధవారం సాయంత్రం జరిగే చిన్న ప్రార్థన కూడికకు నేనే నాయకుణ్ణి. పగలంతా పసుపు మార్కెట్‌లో గుమాస్తాను, బుధవారం సాయంత్రం మాత్రం పదిమంది ఆత్మలకు పెద్దదిక్కును. మొదటి పనికి జీతం ఇస్తారు. రెండో పనికి గర్వం దానంతటదే వస్తుంది.

మా కూడికకు బీడీలు చుట్టే అత్తాకోడళ్ళు వచ్చేవారు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. ఇంట్లో ఎదురెదురుగా చేటలు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడతారు గానీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. చెప్పాల్సిందంతా బుధవారం దాకా దాచుకుని, కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేవారు.

"ప్రభువా, నా కోడలికి కూరల ఉప్పు సూసే జ్ఞానం ఇయ్యి" అని అత్త మొదలుపెడితే, మొగుడితో ఫోన్‌లో మాట్లాడటం పాపం కాదని అత్తకు తెలియజేయమని కోడలు వేడుకునేది. మిగతావాళ్ళు చెవులు రిక్కించి భక్తిగా "స్తోత్రం" అనేవారు. విచిత్రమేమంటే పై వారానికల్లా కూరలో ఉప్పు సరిపోయేది, ఫోన్ మీద సణుగుడు తగ్గేది. నా ప్రార్థనలు మాత్రం దేవుడు ఏనాడూ అంత తొందరగా వినలేదు.

నిజామాబాద్‌లో నాయకుల శిక్షణకు వెళ్ళొచ్చాక నాకు ఇదంతా రోత పుట్టింది. ఆత్మీయంగా ఎదగడమంటే దేవుడికి చాడీలు చెప్పడం కాదని అక్కడ నేర్పారు. వచ్చిన వారమే నియమం పెట్టాను: కూడికలో ఉన్నవాళ్ళ గురించి కూడికలో ప్రార్థించకూడదు. అత్తాకోడళ్ళు బుద్ధిగా తలూపారు. అప్పట్నుంచి అత్త దేశ నాయకుల కోసం, కోడలు లోకశాంతి కోసం ప్రార్థించసాగారు. నా చేతుల మీదుగా ఎంత ఎదిగిపోయారో అని మురిసిపోయాను.

నెల తిరక్కముందే ఒక బుధవారం అత్త ఒక్కతే వచ్చింది. కోడలు బట్టలు సర్దుకుంటోందట, భీమ్‌గల్‌లోని తల్లిగారింటికి పోతోందట, మళ్ళీ రాదట. ఎందుకని అడిగాను.

"ఇంట్ల మాకు మాటల్లేవు గద సారు. గీడ గింత చెప్పుకుంటుంటిమి. గదే నువ్వు బంద్ జేస్తివి."

కోపంగా అని ఉంటే బదులు చెప్పేవాణ్ణి, అందుకు సరిపడా బైబిల్ వాక్యాలు నోటికి వచ్చు. ఆమె మామూలుగా అంది. నాకు సిగ్గేసింది.

ఏం చేయాలో తోచక ప్రార్థన మొదలుపెట్టాను. తోచనప్పుడు నాయకులు చేసే పని అదే. అంతలో, బస్టాండుకు పోతూ నా భార్యకు చెప్పిపోదామని కోడలు సంచితో గుమ్మంలోకి వచ్చింది. నేను ఎప్పుడూ ఒక కన్ను తెరిచే ప్రార్థిస్తాను కాబట్టి ఆమెను చూశాను. అత్త చూడలేదు. నా నియమాన్ని పక్కన పెట్టి గొంతెత్తింది.

"ప్రభువా, గా పిల్ల పోతే నాకు ఎవలున్నరు? ఉండుమందమంటే నా నోటికి రాదు. నువ్వే జెప్పు."

కోడలు సంచి కింద పెట్టింది.

"గాయినకు గాదు అత్తా. నాకు జెప్పు."

అత్త కళ్ళు తెరిచింది. కోడలి వైపు తిరిగింది. ప్రార్థన ముగించే బాధ్యత నాదే అనుకుని గొంతు సవరించుకున్నాను. పక్కనున్న నా భార్య నా చేయి పట్టుకుని ఆపింది.

"జర ఆగుండ్రి. ఇప్పుడే ఆమెన్ అనకుండ్రి."

ఆగాను. నాయకత్వమంటే అదేనని శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

"పోకు బిడ్డా" అంది అత్త, కోడలి మొహం చూస్తూ.