దిఘా దారిలో పట్టేసిన చక్రం

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పాత కారు కొన్న తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో అందరం బెంగాల్లోని దిఘా సముద్రానికి బయల్దేరాం. ఖరగ్‌పూర్ నుంచి కారులో వెళ్ళాలనుకునేవారికి దారి గురించి నాలుగు ముక్కలు చెబుదామని ఇది మొదలుపెట్టాను. రోడ్డు కంటే నా కోపమే ఎక్కువ చోటు తీసుకుంటుందేమో, చెప్పలేను.

ఉదయం ఐదున్నరకు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు ముందు కారు ఆగింది. బావగారికి బజారులో బట్టల కొట్టు ఉంది. కారు ఆయనే నడుపుతున్నారు, పక్కన మా ఆయన. వెనక మా తోడికోడలు సూరమ్మక్క, మధ్యలో నేను, ఎడమ కిటికీ దగ్గర మా నాలుగేళ్ళ పద్మ. ఒళ్ళో పులిహోర గిన్నె, కాళ్ళ దగ్గర నీళ్ళ కూజా.

ఆరుంపావుకు నారాయణ్‌గఢ్ దాటాం. కాసేపటికి వాసన మొదలైంది. రబ్బరు కాలినట్టు లేదు, నూనె మాడినట్టూ లేదు. గొంతులో గీరుకుపోయే వాసన. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బ్రేకు పట్టేసిన గూడ్సు పెట్టె యార్డులోకి వస్తే ఏ వాసన వేస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

“బావగారూ, బండి ఆపండి. ఏదో కాల్తంది,” అన్నాను.

“ఏటీ కాల్నేదు. పొలాల్లో గడ్డి తగలెడతన్నారు,” అన్నారు.

పొలాల్లో పొగమంచు తప్ప ఏమీ లేదు. రెండు మైళ్ళు ఊరుకుని మళ్ళీ అడిగాను. ఈసారి విసుక్కుంటూ ఆపారు. బానెట్టు ఎత్తి, రేడియేటరు చూసి, మూసేశారు.

“ఇంజను బాగానే ఉంది. నీ ముక్కులోనే ఉందమ్మా వాసన.”

“ఇంజన్లో కాదండి, చక్రాల కాడ సూడండి. బండి ముందుకెళ్తనే ఎవరో వెనక్కి లాగినట్టు ఉంది.”

“మీ నాన్న సూసినవి రైలు పెట్టెలు. ఇది కారు. కూకో.”

మా ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు పక్క కొంగల్ని చూస్తున్నారు. సూరమ్మక్క నా మోచెయ్యి నొక్కి, “ఊరుకోవే, ఆయనకి కోపమొస్తాది,” అంది. నా కోపం గురించి ఎవరికీ బెంగ లేదు.

ఏడింటికి బేల్దాలో టీ కోసం ఆగాం. అక్కడ మట్టి ముంతల్లో ఇచ్చే టీ చాలా బాగుంటుంది. నేను మాత్రం తాగలేదు. కారు చుట్టూ తిరిగి ఒక్కో చక్రం మధ్య డ్రమ్ముకి చెయ్యి తిరగేసి ఆనించాను. నాన్న పెట్టెల ఇరుసులు అలాగే చూసేవాడు. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమ చక్రం నా వేళ్ళ కణుపుల మీద తోలు లేపేసింది. పద్మ కూర్చున్నది సరిగ్గా దాని పైనే.

చెయ్యి చూపించాను. బావగారు చెయ్యి చూడలేదు, చుట్టూ ఉన్న జనాన్ని చూశారు.

“నలుగురిలో ఆడది సక్రాలు తడవడమేటి? ఎక్కు, టైమవుతంది.”

నేను తలుపు తీసి పద్మని దింపాను.

“నేనెక్కను. పాపా ఎక్కదు. మీరెళ్ళండి.”

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. పద్మ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన ఏదో అనబోతుండగా టీ కొట్టు ముసలాయన, “దాదా, ధోఁయా,” అంటూ వేలు చూపించాడు. ఎడమ చక్రం లోపల్నుంచి సన్నగా పొగ వస్తోంది. ముసలాయన బకెట్టు నీళ్ళు ఎత్తాడు. బెంచీ మీదున్న లారీ డ్రైవరొకడు లేచి ఆ బకెట్టు పట్టుకుని ఆపాడు. వేడి డ్రమ్ము మీద చన్నీళ్ళు పడితే పగులుతుందట.

అరగంట చల్లారనిచ్చి, అతనే జాకీ పెట్టి చక్రం లేపాడు. చేతి బ్రేకు పూర్తిగా దించే ఉంది, అయినా చక్రం తిరగలేదు. కింద దూరి చూశాడు. చేతి బ్రేకు తీగ తొడుగులో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అది వదలక బ్రేకు పట్టీలు బయల్దేరినప్పటి నుంచీ డ్రమ్మును రాసుకుంటూనే వచ్చాయి. తీగ కొస ఊడదీసి, డ్రమ్ము మీద సుత్తితో మెల్లగా తట్టి, వెనక ఉన్న అడ్జస్టరును పానాతో కాస్త వదులు చేశాడు. చక్రం గిర్రున తిరిగింది. చేతి బ్రేకు ఇక పనిచెయ్యదు, ఆగినప్పుడల్లా చక్రానికి రాయి అడ్డం పెట్టుకోమన్నాడు.

చేతులు తుడుచుకుంటూ హిందీలో అడిగాడు, వాసన ఎవరు పట్టారని. ఇంకో అయిదు మైళ్ళు పోతే మంటలొచ్చేవట.

“నేనే,” అన్నారు బావగారు.

నా చెవులు నేనే నమ్మలేకపోయాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

“నా దాదా, ఆమి,” అన్నాను డ్రైవరుతో నాకొచ్చిన బెంగాలీలో, కాదు నేనని, బొబ్బలెక్కిన చెయ్యి చాపి. అతను నా చెయ్యి చూసి, బావగారిని చూసి, వెళ్ళి తన లారీ ఎక్కాడు.

పద్మని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కారెక్కాను. కాంథి మీదుగా పదిన్నరకు దిఘా చేరాం. ఇసుక గట్టిగా, నేలలా ఉంటుంది, కారే నడపొచ్చు. సరుగుడు తోటల నీడలో పులిహోర తిన్నాం. తింటూ బావగారు, పక్కన చాప పరుచుకున్న బెంగాలీ కుటుంబానికి, వాసన తాను ఎలా కనిపెట్టిందీ మళ్ళీ చెప్పారు. మా ఆయన నీళ్ళు తాగుతున్నారు.

నేను లేచి, “పాప, నేను బస్సులో వెళ్తాం,” అన్నాను.

“బండి బాగయిపోనాది కదేటి,” అన్నారు బావగారు.

“బండి బాగయింది.”

ఒంటిగంటన్నరకు ఖరగ్‌పూర్ బస్సుంది. ముందుగా వెళితే కిటికీ సీటు దొరుకుతుంది, మాకు దొరికింది. పక్కన ఎండుచేపల గంపతో ఒక ముసలామె. బస్సు కదిలే సమయానికి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. సీటు లేదు. పై కమ్మీ పట్టుకుని మా దగ్గర నిలబడ్డారు. మనసు కాస్త మెత్తబడింది, అబద్ధమెందుకు.

బేల్దా దాటాక ఆయన వంగి నెమ్మదిగా అన్నారు.

“నాకూ వచ్చింది వాసన. నీకంటే ముందే. అన్నయ్య బాధపడతాడని ఊరుకున్నాను.”

పద్మ నా ఒళ్ళో నిద్రపోతోంది.

దిఘా ఎలా ఉందని తర్వాత చాలామంది అడిగారు. సముద్రం బాగుంటుంది, తప్పక వెళ్ళండి. బస్సులో వెళ్ళండి.

నారాయణ్‌గఢ్‌లో ఆ రోజు మా పక్కనున్న ముసలామె గంప దించుకుని దిగిపోయింది. మూడున్నర గంటలు నిలబడిన మనిషి ఖాళీ సీటు వైపు, నా వైపు చూశారు. నేను పద్మని ఎత్తి అందులో పడుకోబెట్టాను.